పద్నాలుగు వేల బ్యాట్, పట్టేసిన మోచెయ్యి: ఒక కేస్ స్టడీ

నెల్లూరులో షటిల్ నేర్పడం నా పని. కోర్టు పక్కనే ఒక గట్టింగ్ మెషీన్ పెట్టుకుని బ్యాట్లకు గట్స్ (అల్లే తీగలు) కూడా వేస్తాను. అందువల్ల ఆడే చెయ్యీ, ఆ చేతిలోని బ్యాటూ రెండూ నా దగ్గరికే వస్తాయి. ఈ కేసులో ఒకదాన్ని వదిలి ఇంకొకటి చూసి ఉంటే ఏమీ అర్థమయ్యేది కాదు. మనిషి ఒప్పుకున్నాకే రాస్తున్నా, పేరూ ఊరూ మాత్రం వద్దన్నాడు.

నలభై నాలుగేళ్ళ వయసు. సముద్రం వైపు రొయ్యల చెరువులు చేస్తాడు. కాలేజీ రోజుల్లో ఆడి, పెళ్ళయ్యాక వదిలేసి, ఊళ్ళో సింథటిక్ మ్యాట్ కోర్టులు వచ్చాక మళ్ళీ మొదలుపెట్టాడు. వారంలో ఐదు సాయంత్రాలు డబుల్స్. నా దగ్గరికి వచ్చింది నొప్పి గురించి కాదు, కొత్త బ్యాట్ కోసం.

"సార్, ఇంకా పవర్ వచ్చే బ్యాట్ చూపించండి. ఇరవై వేలైనా పర్లేదు. దీంతో స్మాష్ దిగతా లేదు."

"చెయ్యెందుకన్నా అట్టా రుద్దుకుంటా ఉండావు?"

"అదా, కాస్త పట్టేసిందిలే సార్. వయసు గదా."

అడిగితే ఒక్కొక్కటీ బయటికొచ్చింది. కుడి మోచెయ్యి బయటివైపు ఎముక దగ్గర నొప్పి. మొదట్లో ఆట అయ్యాక వచ్చేది. తర్వాత పొద్దున్నే టీ గ్లాసు ఎత్తినా వస్తోంది. చెరువులో మేత చూడటానికి చెక్ ట్రే తాడు పైకి లాగేటప్పుడైతే ప్రాణం పోతోందట. మొదలై రెండు నెలలు దాటింది. బ్యాట్ కొని మూడు నెలలు.

నొప్పి ఏమిటో తేల్చడం నా పని కాదు. ముందు ఫిజియోథెరపిస్టును కలవమని, అప్పటిదాకా ఆట ఆపమని చెప్పి బ్యాట్ నా దగ్గర పెట్టుకున్నాను. ఫిజియో చూసి టెన్నిస్ ఎల్బో అన్నారు. మణికట్టును పైకి ఎత్తే కండరాలు మోచెయ్యి బయటి ఎముకకు అతుక్కునే చోట స్నాయువు మీద మోయలేనంత భారం పడి వచ్చే నొప్పి ఇది. టెన్నిస్ ఆడేవాళ్ళకే వస్తుందని ఏం లేదు. పట్టు బిగించి మణికట్టు తిప్పే పని ఏది ఎక్కువైనా వస్తుంది, అందులోనూ నలభై ఏళ్ళ అటూఇటూ ఉన్నవాళ్ళలో ఎక్కువ. కొన్ని వారాలు ఆట మానమన్నారు. చిన్న బరువు పట్టుకుని మణికట్టును నెమ్మదిగా కిందికి దించే వ్యాయామం ఇచ్చారు. చెక్ ట్రేలు లాగే పని కొన్నాళ్ళు కూలీవాళ్ళకు వదిలెయ్యమన్నారు.

బ్యాట్ చెప్పిన సంగతులు

పేరున్న కంపెనీదే, నకిలీ కాదు. షాఫ్ట్ (పిడికీ తలకీ మధ్య కడ్డీ) గట్టిది, తల బరువు ఎక్కువున్నది, కోన్ (పిడి పైన ఉండే మూత) మీద 3యూ జీ5 అని ఉంది. యూ అంటే బరువు తరగతి: 3యూ 85 నుంచి 89 గ్రాములు, 4యూ 80 నుంచి 84, 5యూ 75 నుంచి 79. జీ పక్కన అంకె పెరిగేకొద్దీ పిడి సన్నబడుతుంది. కొన్ని కంపెనీల్లో ఈ గుర్తులు వేరుగా ఉంటాయి కాబట్టి అంకె చదివి కొనడం కంటే చేత్తో పట్టి చూడటం మేలు. బరువు తరగతి చెప్పేది ఉత్త బ్యాట్ గురించి, గట్స్ వేయక ముందు. బంగారం తూచే చిన్న కాటా ఒకటి నా దగ్గర ఉంది. దాని మీద పెడితే 97 గ్రాములు తూగింది.

తర్వాత పిడి విప్పాను. కంపెనీ వేసిన బేస్ గ్రిప్, అంటే పిడికి చుట్టే అడుగు పట్టీ, లేదు. పెద్ద ఆటగాళ్ళు అట్లా చేస్తారని ఎవరో చెబితే, దాన్ని పీకేసి చెక్క మీదే పల్చటి ఓవర్ గ్రిప్ (పైపట్టీ) ఒకటి చుట్టించుకున్నాడు. మొదలే సన్నటి జీ5 పిడి, దాని మీద ఒంటి పొర. కోస్తా ఉక్కకు చెమట పట్టిందంటే పిడి జారుతుంది, జారకుండా మనిషి ఇంకా గట్టిగా బిగిస్తాడు. ఆటంతా అదే బిగింపు. ఇందులో ఇంకో చిక్కు కూడా ఉంది. పిడి దగ్గర బరువు తీసేస్తే తూకం తలవైపు జరుగుతుంది. బ్యాట్‌ను వేలి మీద నిలబెట్టి, నిలిచిన చోటుకు పిడి చివర నుంచి టేపు పెట్టి కొలిస్తే 312 మిల్లీమీటర్లు వచ్చింది. కొనేటప్పుడే తల బరువున్న బ్యాట్, ఇంటికి తెచ్చుకున్నాక ఇంకాస్త బరువు చేసుకున్నాడు.

గట్టింగ్ చెన్నైలో వేయించాడు, 29 పౌన్ల బిగుతుకు. కోన్ మీద గరిష్ఠం 28 అని స్పష్టంగా అచ్చేసి ఉంది. దాటితే వారంటీ పోతుంది, ఆ సంగతి అలా ఉంచండి. 29 పౌన్ల గట్స్‌లో కాక్ (ఈకల బంతి) సరిగ్గా తగలాల్సిన చోటు చాలా చిన్నదైపోతుంది. నడిమధ్యన కొట్టగలిగినవాడికి అందులో నియంత్రణ దొరుకుతుంది. పక్కన తగిలితే కాక్ పోదు, ఆ అదురంతా చేతికి వస్తుంది. బిగుతు పెరిగితే పవర్ పెరుగుతుందని మా దగ్గరికి వచ్చే పదిమందిలో తొమ్మిదిమంది నమ్ముతారు. జరిగేది దానికి తలకిందులు. వదులుగా ఉన్న గట్స్ కాక్‌ను ఎక్కువ విసురుతాయి. ఎక్కువ బిగుతు అవసరమయ్యేది, విసురు తన చేతిలోనే ఉన్నవాడికి.

ఇతని కాక్ మధ్యలో తగులుతోందా లేదా అనేది ఆట చూడకముందే గట్స్ చెప్పేశాయి. దీపం కింద పెట్టి చూస్తే మధ్యలో గట్స్ కొత్తవాటిలా మెరుస్తున్నాయి. పైఅంచుకు నాలుగు వేళ్ళ దూరంలో, కుడివైపుకు జరిగి, అడ్డం నిలువు గట్స్ కలిసేచోట తెల్లటి గాట్లు పడ్డాయి. అంతకుముందు వాడిన పాత బ్యాట్ కూడా తెచ్చాడు. దాని గట్ తెగింది కూడా ఫ్రేము అంచు దగ్గరే. మధ్యలో అరిగి తెగితే అది వాడకం, అంచున తెగితే తప్పు దెబ్బ. ఆ పాత బ్యాట్‌లో తెగిన ఒక గట్‌ను అలాగే వదిలేసి వారాల తరబడి మూలన పెట్టడంతో, మిగతా గట్స్ ఒకవైపుకు లాగి ఫ్రేము కోడిగుడ్డులా వంకర పోయింది. ఒక గట్ తెగినప్పుడు ఆ రోజే మిగతావి కూడా మధ్య నుంచి అంచులవైపు కత్తిరించెయ్యాలి. ఈ ఒక్క పని చేయక ఎన్ని మంచి ఫ్రేములు పాడవుతాయో చెప్పలేను.

అసలు ఈ పద్నాలుగు వేల బ్యాటే ఎందుకు కొన్నావన్నా అని అడిగాను. సాత్విక్ సాయిరాజ్ స్మాష్ వీడియో చూపించాడు. అమలాపురం కుర్రాడు 2023లో గంటకు 565 కిలోమీటర్ల వేగంతో కొట్టి గిన్నిస్ రికార్డు పెట్టాడు. మన తెలుగువాడు, గర్వమే. అయితే ఆ దెబ్బ కొట్టిన బ్యాట్ యోనెక్స్ నానోఫ్లేర్ 1000 జెడ్, తల తేలికగా ఉండే రకం. స్మాష్ కావాలంటే తల బరువుండాలి అనే సూత్రం అక్కడే తేలిపోయింది. అలాగని ఆ బ్యాట్ కొనమనీ కాదు. దాని షాఫ్ట్ చాలా గట్టిది, దాన్ని వంచగలిగే మణికట్టు వేగం మనలో ఎవరికీ లేదు.

చెయ్యి చెప్పిన సంగతులు

ఫిజియో ఆడమన్నాక తేలిగ్గా పావుగంట ఆడించి ఫోన్లో స్లో మోషన్ తీశాను. వెనక కోర్టులోకి వచ్చిన కాక్‌ను తల ముందు కాకుండా చెవి వెనక అందుకుంటున్నాడు. శరీరం తిరగడానికి సమయం చాలడం లేదు, భుజం పనిచేయడం లేదు. చివరి క్షణంలో మణికట్టు ఒక్కటే విదిలిస్తున్నాడు. తల బరువున్న బ్యాట్‌ను ఆలస్యంగా విదిలిస్తే ఆ బరువును ఆపాల్సింది కూడా మణికట్టు కండరాలే. నొప్పి ఉన్నది సరిగ్గా వాటి మొదట్లోనే.

మరి ఆలస్యం ఎందుకు? కాళ్ళు చూస్తే తెలిసింది. వేసుకున్నవి పరుగు బూట్లు, అవీ మడమ ఎత్తుగా, మెత్తగా ఉన్నవి. పరుగు బూటు ముందుకు పోవడానికి చేసింది. షటిల్‌లో పక్కకు, వెనక్కి, మళ్ళీ ముందుకు. ఎత్తు మడమ మీద పక్కకు ఆగాలంటే చీలమండ ఒరుగుతుందన్న భయం, ఆ భయానికి అడుగు కురచ పడుతుంది, కాక్ నెత్తి దాటిపోతుంది. మ్యాట్ మీద జారే సోల్ అయితే ఇంక చెప్పక్కర్లేదు. పద్నాలుగు వేలు బ్యాట్‌కు పెట్టిన మనిషి, షటిల్ బూట్లకు ఒక్క రూపాయి కూడా పెట్టలేదు. ఇది ఇతనొక్కడి సంగతి కాదు. మా కోర్టుకొచ్చే సగంమంది బ్యాగులో మూడేసి బ్యాట్లు, కాళ్ళకు వాకింగ్ బూట్లు.

మార్చిన వరుస

నేను పెట్టిన షరతు ఒకటే: ఒకసారికి ఒక్కటే మారుస్తాం, చవకైనది ముందు. అన్నీ కలిపి మారిస్తే ఏది పనిచేసిందో ఎవరికీ తెలియదు. ఏదీ తెలియకపోతే మనిషి మళ్ళీ ఖరీదైనదాన్నే నమ్ముతాడు.

మొదట గట్స్. అదే బ్యాట్, అదే పిడి, 0.70 మిల్లీమీటర్ల మందం గట్, 23 పౌన్లు. సన్నగట్ ఇంకా చురుగ్గా ఉంటుంది కానీ అంచుకు తగిలే చేతిలో వారం ఉండదు. ఒక మాట ఇక్కడ చెప్పాలి. 23 అంటే అన్ని మెషీన్ల మీదా ఒకటే 23 కాదు. చేత్తో తిప్పే క్రాంక్ మెషీన్ లాగి తాళం వేసేస్తుంది, గట్ సాగి కొంత వదులవుతుంది. ఎలక్ట్రానిక్ మెషీన్ ఆ వదులును మళ్ళీ లాగి పట్టుకుంటుంది. అందుకే అంకె కంటే, ఎవరి మెషీన్ మీద ఏ అంకె మీ చేతికి కుదిరిందో గుర్తుపెట్టుకోవడం ముఖ్యం. మొదటి సాయంత్రమే ఫిర్యాదు వచ్చింది.

"సార్, సౌండే రాలా. కాక్ అతుక్కున్నట్టుంది."

టప్పుమనే ఆ శబ్దానికే చాలామంది డబ్బులు పెడతారు. గట్టి గట్స్‌కు ఆ శబ్దం బాగా వస్తుంది, కాబట్టి దెబ్బ బాగా పడిందనుకుంటారు. వెనక గీత దగ్గర నిలబెట్టి క్లియర్లు, అంటే అవతలి వెనక గీత వైపు ఎత్తుగా పోయే దెబ్బలు, కొట్టించాను. ఇంతకుముందు సగం కోర్టు దాటి పడేవి, ఇప్పుడు అవతలి డబుల్స్ సర్వీస్ గీత దాకా పోతున్నాయి. శబ్దం లేకుండానే.

రెండోది పిడి. బేస్ గ్రిప్ మళ్ళీ వేసి, పైన ఓవర్ గ్రిప్ చుట్టాం. పట్టుకున్నప్పుడు వేళ్ళ చివర్లకూ అరచేతికీ మధ్య సందు కనపడాలి, పట్టు అరచేతిలో కాక వేళ్ళలో ఉండాలి. చెమట ఎక్కువ కాబట్టి టవల్ గ్రిప్ కూడా చూశాం, అతనికి మందం నచ్చలేదు. ఓవర్ గ్రిప్‌నే తరచూ మార్చడానికి ఒప్పుకున్నాడు. మొత్తం ఖర్చు ఒక బిర్యానీ పార్టీ అంత కూడా కాదు. ఇది మార్చిన తర్వాతే ఆట మధ్యలో చెయ్యి విదిలించుకునే అలవాటు తగ్గింది.

మూడోది బూట్లు. షటిల్ కోసం చేసినవి, గమ్ రబ్బరు సోల్, మడమ నేలకు దగ్గరగా ఉన్నవి. సాయంత్రం పూట, ఆడేటప్పుడు వేసుకునే సాక్సుతోనే వేసి చూడమన్నాను. పొద్దున సరిపోయిన బూటు సాయంత్రం పట్టేస్తుంది. దుకాణంలో నాలుగడుగులు నడిచి చూడటం కాదు, పక్కకు దూకి ఆగి చూడాలి. లోపల పాదం జరిగితే ఆ సైజు కాదు, లేదా ఆ బూటు కాదు.

బ్యాట్ చివరన. ఇక్కడ ఒక పని చేశాను. రంగు, పేరు కనపడకుండా నాలుగు బ్యాట్లకు మాస్కింగ్ టేపు చుట్టేశాను. నాలుగింటికీ ఒకే గట్, ఒకే బిగుతు, ఒకే గ్రిప్. అందులో ఒకటి అతను మొదట అడిగిన ఇరవై వేల రకం. రెండు సాయంత్రాలు మార్చి మార్చి ఆడి, మూడో నంబరు బాగుందన్నాడు. టేపు విప్పితే 4యూ, మధ్యస్థ తూకం, షాఫ్ట్ కొంచెం వంగే రకం, ధర నాలుగున్నర వేలు. నమ్మలేక మళ్ళీ టేపు చుట్టించుకుని ఇంకో సాయంత్రం ఆడాడు. మళ్ళీ అదే.

కొనేటప్పుడు చూసినవి కొన్ని. సీరియల్ నంబరు ఉందా, హోలోగ్రామ్ గీకితే కోడ్ వస్తోందా. సగం ధరకు దొరికే పెద్ద కంపెనీ బ్యాట్ నకిలీ అనుకోవడమే మంచిది. ఫ్రేము చుట్టూ గ్రోమెట్లు (గట్స్ దూరే రంధ్రాల్లోని ప్లాస్టిక్ గొట్టాలు) పగలకుండా ఉన్నాయా. కంటికి ఆనించి పిడి నుంచి తలదాకా చూస్తే మెలి కనపడకూడదు. కంపెనీ నుంచి గట్స్‌తో వచ్చే బ్యాట్ కంటే ఉత్త బ్యాట్ కొని మనకు కావలసిన బిగుతు వేయించుకోవడం మేలు. బిల్లు తప్పకుండా తీసుకోవాలి. కొన్నాక ఎండలో కారు డిక్కీలో వదలకూడదు. నెల్లూరు మే నెల ఎండకు మూసిన డిక్కీ పొయ్యే, గట్స్ బిగుతు తొందరగా జారిపోతుంది.

కాక్‌ల సంగతి నేనడగలేదు, అతనే తెచ్చాడు. వాళ్ళ గుంపు డిస్కౌంట్‌లో దొరికాయని 77 నంబరు (కాక్ వేగాన్ని చెప్పే అంకె) ఈకల కాక్‌లు పెట్టెలకొద్దీ కొన్నారు. వేసవిలో అన్నీ గీత దాటి పోతున్నాయి. గాలి వేడెక్కితే పల్చబడుతుంది, కాక్ ఎక్కువ దూరం పోతుంది. అందుకే వేడి ఊళ్ళలో తక్కువ నంబరు వాడతారు, మన ఎండలకు 75 గానీ 76 గానీ సరిపోతుంది. వెనక గీత మీద నుంచి కింది చేత్తో పూర్తి బలంతో కొడితే, కాక్ అవతలి వెనక గీతకు 53 నుంచి 99 సెంటీమీటర్ల ఇవతల పడాలని నియమం. వీళ్ళవి గీత అవతల పడుతున్నాయి. ఈకల చివర్లు బయటికి మడిచి ఆ పెట్టెలు ఎలాగో అవగొట్టారు. ఖర్చు తగ్గుతుందని మధ్యలో నైలాన్ కాక్‌లు కూడా వాడేవాళ్ళు. అవి చేతికి బరువుగా తగులుతాయని నా అభిప్రాయం. నొప్పి తగ్గేదాకా వాటి జోలికి పోవద్దన్నాను.

ఫలితం, దాని హద్దులు

ఆట మళ్ళీ మొదలైన మూడు నెలలకు టీ గ్లాసు ఎత్తితే నొప్పి లేదు. వరుసగా రెండు రోజులు ఆడితే మూడో రోజు కొంచెం బిగుసుకుంటుంది, కాబట్టి వారానికి మూడు రోజులే. చెక్ ట్రే ఇప్పుడు ఎడంచేత్తో లాగుతున్నాడు. కొత్త గట్స్ చూస్తే గాట్లు మధ్యకు దగ్గరపడ్డాయి, ఇంకా కొంచెం కుడికే ఉన్నాయి. స్మాష్ వేగం కొలిచే సాధనం నా దగ్గర లేదు. అవతల నిలబడి తీసుకునేవాళ్ళు మాత్రం ముందుకంటే ఇబ్బంది పడుతున్నారు.

ఇదంతా బ్యాట్ మార్చడం వల్లే అంటే నేను ఒప్పుకోను. విశ్రాంతి ఉంది, ఫిజియో ఇచ్చిన వ్యాయామం ఉంది, చెరువు పని తగ్గింది. టెన్నిస్ ఎల్బో చాలామందిలో కాలం గడిస్తే దానంతటదే తగ్గుతుంది కూడా. నేను గట్టిగా చెప్పగలిగింది ఇంతే: పాత బ్యాట్, పాత పిడి, 29 పౌన్లతో మళ్ళీ కోర్టులోకి దిగి ఉంటే ఆ వ్యాయామం చేసిన మేలు చేసినట్టే పోయేది. మార్చినవాటిలో పెద్ద తేడా తెచ్చినవి గట్స్, పిడి, బూట్లు. బ్యాట్ నాలుగోది.

పాత పద్నాలుగు వేల బ్యాట్ ఇప్పుడు కాలేజీ టీములో ఆడే అతని మేనల్లుడి దగ్గర ఉంది. వాడికి పందొమ్మిదేళ్ళు, భుజం తిరుగుతుంది, కాక్ మధ్యలో తగులుతుంది. బేస్ గ్రిప్ వేసి 26 పౌన్లకు కట్టిచ్చాను. వాడి చేతిలో అది మంచి బ్యాట్.

ఇక మా రొయ్యల అన్న గుంపులో ఇంకో నలుగురు సరిగ్గా అతని నాలుగున్నర వేల బ్యాటే కావాలని వచ్చారు, అదే మోడల్, అదే రంగు, అదే 23. అందులో ఒకాయన ఆరడుగుల మనిషి, ఎడంచేతి వాటం, ముందు కోర్టులోనే ఆడతాడు. ఆయన్ని టేపు చుట్టిన బ్యాట్ల దగ్గర కూర్చోబెట్టాను. అన్న మాత్రం పోయిన వారం వచ్చి, 25 వెయ్యమన్నాడు. నొప్పి లేదు కదా, శబ్దం కావాలట. 24 దగ్గర ఒప్పందం కుదిరింది, అదీ చలికాలం వచ్చాక.